వైద్యోపకరణములు – మన యువశిల్పులు

తలనొప్పికి రాసుకొను లేపనమునకును తెలుగు వచనమునకును బంధుత్వమేమి అని ఎవరైన అడిగినచో నవ్వు వచ్చును. కాని బంధుత్వము కలదు. కృష్ణా మండలమునందలి యెలకుర్రు గ్రామమున 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావుగారు కలకత్తాలో కొంతకాలము ఔషధ వ్యాపారమున పనిచేసి, పిమ్మట బొంబాయి చేరి, 1893లో, తమ యిరువదియారవ యేట, అమృతాంజనమును తయారుచేసినారు. సంగీత సభలకు వచ్చినవారికి ఆ లేపనమును ఉచితముగా పంచిపెట్టి ప్రచారము చేసినారని చెప్పుదురు. ఆ చిన్న సీసాలపై వచ్చిన రాబడియే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక అను వారపత్రికయై, 1914లో చెన్నపట్టణమున దినపత్రికయై, 1924లో భారతియై తెలుగువారి యిండ్లకు వచ్చినది. మన ఆధునిక వచనము ఊగిన ఊయెలలలో ఒకదాని త్రాడు ఒక మందుసీసాకు కట్టియున్నది. అటు పిమ్మట కేసరిగారి లోధ్రయు, వారి గృహలక్ష్మి పత్రికయు ఆ త్రోవనే నడచినవి.

పంతులుగారిని గూర్చి మన విద్యార్థులు పరీక్షలలో చక్కగా వ్రాయుదురు. దేశోద్ధారకుడందురు, విశ్వదాత యందురు, సంపాదకుడందురు. విదేశముల నుండి పెట్టెలలో దిగుచున్న మందుల నడుమ ఒక తెలుగు యువకుడు తన చేతితో చేసిన వస్తువును బజారులో నిలువబెట్టినాడన్న సంగతి మాత్రము ఒక్క వాక్యములో ముగిసిపోవును. నేటి యువకులను గూర్చి మాటలాడునప్పుడు ఆ వాక్యమును కొంచెము సాగదీయవలసి యున్నది.

ఆ కాలమందే, అమృతాంజనమునకు ఒక యేడు ముందు, కలకత్తాలో ప్రఫుల్లచంద్ర రాయిగారు బెంగాల్ కెమికల్‌కు పునాది వేసినారు. ఎడింబరోలో పట్టము పొంది వచ్చి ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతముపై రసాయనశాస్త్రము చెప్పుచుండిన ఉపన్యాసకుడాయన. పెట్టుబడి 700 రూపాయలు. కర్మాగారము తాము కాపురమున్న అద్దెయిల్లే. కసాయివారి యొద్దనుండి పచ్చి యెముకలు కొనితెచ్చి మేడమీద ఎండబెట్టించినారు. కాకులు ముక్కలను ఎత్తుకొనిపోయి పొరుగిండ్లపై వేసినవి; పొరుగువారు మునిసిపాలిటీకి మొరపెట్టుకొన్నారు. అంతట ఎముకలను ఊరి వెలుపలికి తరలించి, కాల్చి, ఆ భస్మము నుండి ఔషధములకు పనికివచ్చు ఫాస్ఫేటులను తీసినారు. సాయంకాలము కళాశాల నుండి వచ్చి దుస్తులు మార్చుకొని ఈ పనిలో దిగెడివారట. పాఠము చెప్పుటయు పదార్థము చేయుటయు రెండు కులముల పనులని తలచు మన సమాజమున ఇది చిన్న విషయము కాదు. 1901లో అది పెద్ద సంస్థ అయినది. అందులో పని నేర్చిన యువకులు ఎందరో.

మందుల సంగతి యిట్లుండగా, వైద్యోపకరణములన్నవి మరియొక ప్రపంచము. ఉపకరణమనగానే మన కన్నులయెదుట మెరయునది ఏదో పెద్ద ఆసుపత్రిలోని పెద్ద యంత్రము. నిజమునకు దూది ఉపకరణమే. కట్టుగుడ్డ, సూది, సెలైను గొట్టము, ఊతకర్ర, నాలుకను నొక్కిపట్టు చిన్న పుడక, కృత్రిమపాదము, గుండెలోని కవాటము, అన్నియు ఆ కుటుంబములోనివే. వీనిలో చాలభాగమును మనము నేటికిని పరదేశముల నుండి కొనుచున్నాము. 2020వ సంవత్సరపు వసంతమున ఓడలును విమానములును ఆగిపోయినప్పుడు ఈ సంగతి పల్లెటూరి దర్జీకి సైతము తెలిసినది. ఎందుకనగా ముఖమునకు కట్టుకొను గుడ్డను కుట్టు పని అతనిపైనను, పొదుపు సంఘముల స్త్రీలపైనను పడినది.

ఆ మార్చి మాసముననే ఇటలీలో బ్రెషా ప్రాంతమున కియారి అను చిన్నపట్టణపు ఆసుపత్రిలో, ప్రాణవాయువును రోగికి అందించు ముసుగునకు అమర్చెడి ఒక చిన్న కవాటము కొఱత పడినది. క్రిస్టియన్ ఫ్రకాసీ అను యువ ఇంజనీరు తన మిత్రులతో ఆసుపత్రికి పోయి ఆ ముక్కను చూచి, కొలతలు తీసి, పొరపై పొర పేర్చి వస్తువును ముద్రించు త్రీడీ యంత్రముపై కొలది గంటలలోనే నమూనా చేసినాడు. మరునాటికి సుమారు నూరు కవాటములు సిద్ధమైనవి. లోకమంతయు ఆ యువకుని పొగడినది. పొగడ్తలో అందరును మరచిన అంశమొకటి నాకు ముఖ్యముగా తోచినది. పిమ్మట వారు ఈతగాండ్రు ధరించు ముసుగును ఆసుపత్రికి పనికివచ్చునట్లు మార్చినప్పుడు, ఇది ధ్రువీకరణ పొందిన ఉపకరణము కాదు, గత్యంతరము లేనిచోటనే వాడవలెను, రోగి అంగీకరించి సంతకము చేయవలెను అని వారే ప్రకటించినారు. చేతిలో చాతుర్యమున్న యువకులకు ఆ వినయము కలుగుట అరుదు.

మన దేశమునకు వత్తము. ఈ విషయమున నేను విద్యార్థులకు మొట్టమొదట చెప్పు కథ జయపుర పాదము. పేరు వినని వారుండరు. మయూరి చిత్రమున సుధాచంద్రన్ నాట్యము చేసినది ఆ పాదముతోనే గదా! కాని ఆ పాదము పుట్టిన తీరు సినిమాకంటె రుచికరము.

జయపురములో సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రి యున్నది. అచ్చట రామచంద్రశర్మ అను శిల్పి రోగులకు చేతిపనులు నేర్పుచుండెడివాడు. వంశపారంపర్యముగా వచ్చిన విద్య. బడిలో చదివినది నాలుగు తరగతులేనందురు. కాలు పోయినవారికి ఆసుపత్రివారు విదేశీ పద్ధతిపై కృత్రిమపాదము నిచ్చుచుండిరి. ఆ పాదమునకు బూటు తప్పనిసరి. బూటు తొడిగిన మనిషి మన దేశమున ఎక్కడికి పోగలడు? గుడికి పోరాదు, వంటయింటికి పోరాదు, వరిమడిలో దిగరాదు. చీలమండ వంగదు గనుక గొంతుకూర్చుండుట లేదు, బాసిపట్టు వేయుట లేదు. ఇచ్చిన పాదమును మూల పడవేసి మరల ఊతకర్ర పట్టిన రైతులను శర్మ చూచినాడు. ఆసుపత్రిలో అస్థివైద్యులు ప్రమోద్ కరణ్ సేఠీగారును చూచినారు. ఒకరికి శరీరశాస్త్రము తెలియును, వేరొకరికి వ్రేళ్లలో విద్య యున్నది. ఇరువురును కలియుట 1968 ప్రాంతపు మాట.

శర్మ సైకిలుపై పోవుచుండగా చక్రము గాలిపోయినది. బాగుచేయించుకొనుటకు పోయిన దుకాణములో లారీ టైర్లకు క్రొత్త రబ్బరు పట్టించుచున్నారు. చూచుచు నిలిచిన శర్మకు పాదము తోచినది. మరల పాదపు అచ్చుతో ఆ దుకాణమునకు పోయి, దీనిలో రబ్బరు పోసియిమ్మని అడిగినాడు. మొదటి పాదము బరువు, నిలువలేదు కూడ. అచ్చటినుండి వైద్యులును శిల్పియు కూడి ఎన్నియో మార్పులు చేసినారు. లోపల మెత్తని స్పాంజి రబ్బరు, చీలమండ యొద్ద కొంచెము కర్ర, పైన టైర్లలో వాడు దారపు రబ్బరు, అన్నిటికిని పైన మనిషి చర్మపు రంగు. ఆ పాదము వంగును, తిరుగును, నీటిలో తడియును, చెట్టెక్కును. చెప్పులేకుండ నడచును. రోగి గ్రామములో సాటివారి నడుమ కూర్చుండును. ఇందులో ఏ భాగమును పరదేశమునుండి రానక్కరలేదు. సేఠీగారికి 1981లో మాగ్సేసే పురస్కారము వచ్చినది. శర్మ పేరు చాలమందికి తెలియదు. మన పాఠ్యపుస్తకములలో ఆ రెండు పేరులును పక్కపక్కన ఉండవలెనని నా పట్టుదల.

అయితే ఈ కథలో నాకు గొప్పగా తోచు ఘట్టము ఆవిష్కరణము కాదు, దాని తరువాతి యేడేండ్లు. పాదము సిద్ధమైనది, పత్రికలలో వచ్చినది, పండితులు మెచ్చినారు. అయినను 1975 వరకు దానిని ధరించినవారు బహుకొద్దిమంది. ఆ యేట డి. ఆర్. మెహతాగారు భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితిని స్థాపించినారు. రోగి ఏ వేళ వచ్చినను చేర్చుకొనుట, వచ్చినవానికి అన్నము పెట్టుట, కొలత తీసి త్వరితముగా పాదము తొడిగి పంపుట, సొమ్ము అడుగకుండుట అను నియమములు పెట్టినారు. అంతవరకు చిన్న కాలువగా పారిన పని అచ్చట నదియైనది. లక్షలాది జనులు నడచినారు. కనిపెట్టినవానికి చప్పట్లు కొట్టుట సులభము. కనిపెట్టిన వస్తువును వాకిటివరకు మోయువాడు వేరొకడు కావలెను.

యౌవనమును గూర్చి వ్రాయుచు శర్మగారి కథ చెప్పుటేమి అని ఆక్షేపింపవచ్చును. సరే, ముప్పదియారేండ్ల వైద్యుని కథ వినుడు. 1971లో తూర్పు బెంగాలు నుండి శరణార్థులు లక్షలకొలది సరిహద్దు దాటి వచ్చినారు. బనగాఁవ్ పట్టణమున కలరా చెలరేగినది. ఆసుపత్రిలో రెండు గదులు. నేలమీద వాంతులు, విరేచనముల నడుమ రోగులు. నరములలోనికి ఎక్కించు సెలైను అయిపోవచ్చినది. ఎక్కించుటకు నేర్పుగలవారును లేరు. దిలీప్ మహలనబీస్ అను యువవైద్యుడు అప్పుడు ఒక సాహసము చేసినాడు. సాహసమన్నను, వెనుక శాస్త్రమున్నది: ప్రేగులు ఉప్పును ఒంటరిగా పీల్చుకొనలేని వేళ సైతము, గ్లూకోజు తోడున్నచో ఉప్పును, దానితో నీటిని లోనికి తీసికొనును. ఒక లీటరు నీటికి గ్లూకోజు 22 గ్రాములు, వంటయుప్పు 3.5 గ్రాములు, వంటసోడా 2.5 గ్రాములు. కలకత్తాలోని పరిశోధనకేంద్రపు గ్రంథాలయమే కర్మాగారమైనది. గ్రంథముల నడుమ కూర్చుండి పొడులు తూచి, పొట్లములలో పోసి, ఇస్త్రీపెట్టెతో మూతులు అతికినారు. శిబిరములో ఆ పొడులను పీపాలలోని నీటిలో కలిపి, తల్లి బిడ్డకు, అన్న తమ్మునికి గ్లాసులతో త్రాగించునట్లు ఏర్పాటు చేసినారు. నూటికి ముప్పదిమంది మరణించుచుండిన చోట నలుగురికంటె తక్కువమంది మరణించినారు.

ఇది స్థానికముగా చేసిన వైద్యసామగ్రి కాక మరేమి? ఖర్చు అణాలలో. యంత్రము ఇస్త్రీపెట్టె. పెద్దలలో చాలమంది అప్పట నమ్మలేదు. నోటితో త్రాగించు నీటితో కలరా తగ్గునా అని చప్పరించినారు. ప్రపంచ ఆరోగ్యసంస్థలో నుండిన ధీమాన్ బరువాగారు స్వయముగా శిబిరమునకు వచ్చి చూచి, ఆ పద్ధతిని లోకమున ప్రచారము చేయుటకు పూనుకొన్నారు. 1978లో ఇంగ్లండునందలి లాన్సెట్ వైద్యపత్రిక ఈ ద్రవచికిత్సా సూత్రమును ఆ శతాబ్దపు వైద్యప్రగతులలో అగ్రస్థానమున నిలుపదగినదని వ్రాసినది. మహలనబీస్‌గారు 2022లో మరణించినారు. మరుసటి యేడు పద్మవిభూషణము వచ్చినది. ఇట్టి తొందర మన ప్రభుత్వములకు అలవాటే.

ప్రోత్సాహమన్న మాటను మనము మిక్కిలి తేలికగా వాడుచున్నాము. శాలువ, జ్ఞాపిక, ఒక ఛాయాచిత్రము, అంతటితో ప్రోత్సాహము ముగియును. కొన్నేండ్ల క్రితము ఒక పట్టణమున పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనకు న్యాయనిర్ణేతలలో ఒకనిగా నన్నును పిలిచినారు. తెలుగు చెప్పుకొనువానికి అచ్చట పనియేమి యందురా, చివరి సభలో మాటలాడుటకు ఒకడు కావలెను గదా. తొమ్మిదవ తరగతి బాలుడొకడు సెలైను సీసాను స్ప్రింగునకు వ్రేలాడదీసినాడు. సీసా ఖాళీయగుకొలది స్ప్రింగు పైకి పోవును, రెండు రాగితీగలు తగులును, గంట మ్రోగును. రాత్రివేళ నర్సు నిదురమత్తులో నుండినను రోగికి ప్రమాదము లేదు. తోడి న్యాయనిర్ణేతలు భళీ యన్నారు. ప్రథమచికిత్స బల్లయొద్ద కూర్చున్న నర్సమ్మ ఒకామె లేచి వచ్చి, కొంతసేపు చూచి అడిగినది: "బాబూ, ట్యూబు మడతపడి మందు ఆగిపోతే సీసా నిండుగానే ఉంటుంది కదా, అప్పుడు నీ గంట మోగుతుందా?" బాలుడు మాటలాడలేదు. "పోనీ, సీసా మార్చేందుకు మేము తీస్తే? అప్పుడు మోగుతూనే ఉంటుందిగా! పక్క మంచం మీద వాళ్లు మమ్మల్ని తిట్టరూ?" బాలుడు కాగితము తీసి రెండు ప్రశ్నలును వ్రాసికొన్నాడు. "ఆదివారం మా వార్డుకు రా నాన్నా, చూద్దువుగాని" అన్నది. ఆనాటి బహుమతి రాకెట్టు నమూనాకు పోయినది. ఆదివారమున ఆ బాలుని అతని భౌతికశాస్త్రోపాధ్యాయుడు వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసికొనిపోయినాడని తరువాత విన్నాను. ఆనాడు ఆ ప్రదర్శనలో ప్రోత్సాహమన్నది లభించినచో, ఆ నర్సమ్మ ప్రశ్నలలో లభించినది; మా చప్పట్లలో కాదు.

ఏలయనగా వైద్యోపకరణము బొమ్మరాకెట్టు వంటిది కాదు. రాకెట్టు ఎగురకున్నచో పిల్లలు నవ్వుదురు. ఉపకరణము పనిచేయకున్నచో మనిషి పోవును. తిరువనంతపురములోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో వలియత్తాన్‌గారును వారి బృందమును గుండె కవాటమును తయారుచేసిన చరిత్ర దీనికి సాక్ష్యము. గుండె కవాటము చిన్న బిళ్ల. దినమునకు లక్షసార్లు తెరచుకొని మూసికొనవలెను. ఏండ్ల తరబడి అరుగరాదు, రక్తము గడ్డకట్టనీయరాదు. వారు చేసిన మొదటి నమూనా పనికిరాలేదు. రెండవదియు పనికిరాలేదు. మూడవదాని బిళ్లను కృత్రిమ నీలమణితో చేసినారు. పరీక్షకు గొర్రెలో అమర్చగా అది పగిలినది. ప్రజల సొమ్ముతో పదేండ్లు పనిచేసి మూడుమారులు విఫలులైనవారిని మన పత్రికలు ఏమని వ్రాయునో ఊహింపవచ్చును. సంస్థ వారిని తరిమివేయలేదు. నాలుగవ నమూనాలో నీలమణికి మారుగా అత్యంత దృఢమైన పాలిథీను బిళ్ల వేసినారు. 1990 డిసెంబరు 6వ తేదీన మొదటిసారిగా మనిషి గుండెలో అమర్చినారు. నిలిచినది. నేడది వేలకొలది గుండెలలో కొట్టుకొనుచున్నది. మూడు వైఫల్యముల జీతము ఇచ్చుటకు ఒక సంస్థ సిద్ధపడకున్నచో ఆ నాలుగవది పుట్టెడిది కాదు.

మన హైదరాబాదులో జరిగిన ముచ్చట ఇంకొకటి. అగ్ని క్షిపణి కొఱకు తయారుచేసిన కర్బన మిశ్రమపదార్థమును నిజాం వైద్యవిజ్ఞానసంస్థకు చెందిన అస్థివైద్యుడొకరు అబ్దుల్ కలాంగారి ప్రయోగశాలలో చేతబట్టి, ఇంత తేలికగా నున్నదే యని ఆశ్చర్యపడి, కలాంగారిని తమ వార్డునకు తీసికొనిపోయినారు. అచ్చట పసిపిల్లలు మూడేసి కిలోల ఇనుప కాలిపర్లు ఈడ్చుకొనుచు నడచుచున్నారు. మూడు వారములలో 300 గ్రాముల కాలిపర్లు సిద్ధమైనవి. క్షిపణిశాలకును పిల్లల వార్డునకును నడుమ ఉన్న దూరము ఒక వైద్యుడు తలుపు తట్టునంతయే అని అప్పుడు తెలిసినది.

ఇంక, ఉపాధ్యాయులు ప్రత్యేకముగా వినదగిన కథ కోయంబత్తూరులోని మురుగానందంగారిది. పేదకుటుంబము, బడి మానివేసిన బాలుడు, కర్మశాలలో సహాయకుడు. 1998లో పెండ్లియైన క్రొత్తలో, భార్య నెలసరికి పాతగుడ్డలు దాచుకొనుట చూచి, తక్కువ వెలకు నాప్కిన్లు చేయుటకు పూనుకొన్నాడు. భార్యయు చెల్లెండ్రును పరీక్షించి చెప్పుటకు సిగ్గుపడినారు. వైద్యకళాశాల విద్యార్థినులకు ఇచ్చి అభిప్రాయములు వ్రాయమన్నాడు. అందరి కాగితములును ఇద్దరు ముగ్గురే కూర్చుండి నింపుచుండగా చూచినాడు. చివరకు ఫుట్‌బాలు రబ్బరుసంచిలో మేకరక్తము నింపి తనకే కట్టుకొని తిరిగినాడు. ఊరు పిచ్చివాడన్నది. భార్య పుట్టింటికి పోయినది, తల్లియు విడిచిపోయినది. దూదితో ఎన్నివిధముల చేసినను ఫలితము లేదు. విదేశీ సంస్థలవారు లోపల ఏమి పెట్టుచున్నారో తెలియవలెను. ఆయనకు ఆంగ్లము రాదు. ఒక కళాశాల అధ్యాపకుడు ఆ సంస్థలకు ఉత్తరములు వ్రాయుటలో తోడుపడినాడు. ప్రతిగా మురుగానందం ఆయన యింట పనిపాటలు చేసియిచ్చినాడు. అప్పుడు తేలినది: అది దూది కాదు, చెట్టుబెరడు గుజ్జునుండి తీసిన పీచు. ఆ పీచును విడదీయు విదేశీ యంత్రము వెల కోట్లలో. నాలుగేండ్లకు పైగా శ్రమించి వేలలో వెల గల చిన్నయంత్రమును ఆయన చేసినాడు. 2006లో మదరాసు ఐఐటీలో బహుమతి, 2016లో పద్మశ్రీ. యంత్రములను పెద్ద వ్యాపారులకు అమ్మక పల్లెలలోని స్త్రీల సంఘములకే ఇచ్చినాడు. భార్య తిరిగివచ్చినది.

ఆ అధ్యాపకుని పేరు ఎవరును ఎత్తరు. అతడు రసాయనశాస్త్రజ్ఞుడు కానక్కరలేదు. ఉత్తరము వ్రాయ నేర్చినవాడైన చాలును. ప్రతి పట్టణములోను అట్టివారు నూరుమంది కలరు.

మన పిల్లలును వెనుకబడి లేరు. యాదాద్రి భువనగిరి జిల్లా ములకలపల్లి జిల్లాపరిషత్ ఉన్నతపాఠశాల బాలికలు కొందరు, చెరువులను కప్పివేయు గుర్రపుడెక్కను తీసి, దానికి మెంతులు, పసుపు, వేపాకు మున్నగునవి చేర్చి 'స్త్రీరక్ష' యను పేర నాప్కిన్లను రూపొందించినారు. పారవేసినచో మట్టిలో కలిసిపోవును. పనికిరాని కలుపును, పల్లెలో నోరువిప్పి చెప్పుకొనరాని కష్టమును, రెండింటిని ఒక్క ముడిలో పట్టిన ఆ బాలికలకన్న, ఈ విషయమును తరగతిలో మాటలాడనిచ్చిన వారి ఉపాధ్యాయులు నాకు అధికముగా కనబడుచున్నారు. అయినను చర్మమునకు తగులు వస్తువు గదా; ఎంత పీల్చును, ఎన్నిగంటలు నిలుచును, క్రిములు చేరునా అను ప్రశ్నలకు ప్రయోగశాల సమాధానము చెప్పవలెను. ఆ ప్రశ్నలు అడుగుట పిల్లలను నిరుత్సాహపరచుట యని కొందరు తలంతురు. నా యభిప్రాయము వేరు. అడుగకుండ మెచ్చుకొనుటయే పిల్లలను చిన్నచూపు చూచుట.

పరీక్షింపవలెనన్నచో ఎచ్చట? ముప్పదియేండ్ల క్రితము ఈ ప్రశ్నకు మన ప్రాంతమున సమాధానము బహుస్వల్పము. 1990లలో వరప్రసాదరెడ్డిగారు కామెర్ల టీకాను చేయబూనినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, పిమ్మట సీసీఎంబీలోను చోటు దొరికినది గనుకనే 1997లో ఏడెనిమిదివందల టీకా ఏబది రూపాయలకు వచ్చినది. నేడు విశాఖపట్టణమున 270 ఎకరములలో 2018 నుండి వైద్యోపకరణముల పారిశ్రామికవాడ నడుచుచున్నది. విద్యుత్తు పరీక్షలు మొదలు క్రిమిరహితముగా చేయుట వరకు అచ్చటనే జరుగును. హైదరాబాదులో 2023లో తెరచిన టీ-వర్క్స్‌లో నమూనాలు చేసికొనుటకు యంత్రములు కలవు. పాఠశాలలలో అటల్ ప్రయోగశాలలు దేశమున పదివేల వరకు వచ్చినవి. ఇన్‌స్పైర్ మానక్ పథకములో ఎంపికైన విద్యార్థికి పదివేల రూపాయలిచ్చుదురు. 2017 నాటి నియమావళి ఉపకరణములను అపాయమును బట్టి నాలుగు తరగతులుగా విభజించినది. నాలుకపుడక అడుగు మెట్టుపై, గుండె కవాటము పైమెట్టుపై. పిల్లలు మొదటిమెట్టుపై నిలిచి ప్రారంభించుట మేలు. వెంటిలేటరు చేసెదమని వచ్చు పదవ తరగతి బృందములకన్న, మంచానపడిన తాతకు పుండ్లుపడకుండ పరుపు కుట్టెదమను బృందమునే నేను ముందు పిలుతును.

ఉన్నవి గదా, ఇంకేమి కొఱత యనిన, ఈ మెట్ల నడుమ చేయిపట్టి నడిపించువారే కొఱత. పల్లె బాలికకు పారిశ్రామికవాడ పేరు తెలియదు. తెలిసినను దరఖాస్తు ఆంగ్లమున నుండును. పరీక్షకు రుసుము కట్టవలెను. పరీక్షలో నెగ్గినను ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున కొనువారుండరు. పెద్దమొత్తమున సరఫరా చేయగల వ్యాపారి తక్కువకు కోట్ చేయును. పదివేల రూపాయలు నమూనాతోనే అయిపోవును. బాలిక ఇంటర్మీడియట్‌లో చేరును, నమూనా బడి బీరువాపై చేరును. ఈ బీరువాల పైభాగములను ఎవరైన లెక్కవ్రాసినచో బాగుండును. ప్రభుత్వము పరీక్షారుసుమును విద్యార్థులకు మాఫీచేసి, మొదటి అయిదువందల వస్తువులను తన ఆసుపత్రులకే కొన్నచో, బహుమతుల ఖర్చులో సగము మిగులుననుకొందును.

మా వంటి భాషోపాధ్యాయులు తప్పించుకొనరాదు. బనగాఁవ్‌లో పొట్లముతోపాటు పంచినది మాట: ఎంత నీరు, ఎన్నిమారులు, వాంతియైనను మానకుండ. ఉపకరణముతో వచ్చు సూచనల కాగితము నేడు తెలుగులో వచ్చినను, ఎవరో యంత్రముచేత అనువదింపజేసినట్లుండి, తెలుగువానికే తెలియదు. యువశిల్పి చేసిన వస్తువునకు నాలుగు శుభ్రమైన తెలుగు వాక్యములు వ్రాసిపెట్టుట కోయంబత్తూరు అధ్యాపకుడు వ్రాసిన ఉత్తరము వంటిదే. ఈ యేడు మా ద్వితీయ సంవత్సర విద్యార్థులకు వ్యాసరచనకు మారుగా ఆ పని యిచ్చినాను. ఓఆర్‌ఎస్ పొట్లముపై నుండవలసిన సూచనలు నలుబది మాటలలో వ్రాయవలెను. చదువురాని అవ్వకు ఎవరైన చదివి వినిపించినను తెలియవలెను. శైలి అందరిదియు బాగుగనే యున్నది. ఒకనిదానిలో అంత్యప్రాస కూడ పడినది. సగమునకు పైగా కాగితములలో నీరు ఎంత పోయవలెనో లేదు. వచ్చే సోమవారమునకు మరల వ్రాసికొని రమ్మన్నాను.